వెల్వా ఊరివాళ్ళని వెల్వానో అంటే తప్పట!

ఊరి పేరుకి ఓ తోక తగిలిస్తే ఊరివాళ్ళ పేరు వచ్చేస్తుందని స్పానిష్ క్లాసులో టేబుల్ ఇస్తారు చూడండి, దాన్ని నమ్మకండి. నేను నమ్మి చెడ్డాను.

మాద్రిద్ వాళ్ళు మాద్రిలేన్యో, సెవియా వాళ్ళు సెవియానో, బార్సెలోనా వాళ్ళు బార్సెలోనేస్. ఇంతేగా అనుకున్నా. (మాద్రిదిస్తా వేరు. అది రియల్ మాద్రిద్ జట్టు మీద ఫుట్‌బాల్ పిచ్చి, తెనాలిలో ఉన్నా పట్టుకోవచ్చు.) పరీక్షలో స్పెయిన్‌లోని వెల్వా అనే ఊరు అడిగారు. ధైర్యంగా ‘వెల్వానో’ అని రాశా. సున్నా! జవాబు ఒనుబెన్సే అట. అందులో వెల్వా ఎక్కడుందండీ?

అడిగితే ‘మినహాయింపు’ అన్నారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. రోమన్ల కాలంలో ఆ ఊరు ఒనుబా. జనం నోళ్ళలో నలిగి నలిగి వెల్వా అయింది. మనుషుల పేరుకి మాత్రం చదువుకున్నవాళ్ళు పాత లాటిన్ పేరే తవ్వి తెచ్చారు. కాదిజ్ వాళ్ళు గదితానో అయిందీ ఇలాగే, ఆ ఊరి లాటిన్ పేరు గాదేస్. ఈ ఒక్క ముక్క ముందే చెప్తే జన్మలో మర్చిపోతామా?

కాబ్రా అనే ఊరుంది. కాబ్రా అంటే మేక. దానికి ‘ఓన్’ తోక తగిలిందో, పచ్చి తిట్టు! ఆ ఊరివాళ్ళు మాత్రం ఇగాబ్రుమ్ అనే పాత పేరు మీదుగా దర్జాగా ఎగాబ్రెన్సేలు. మెక్సికోలో ఆగ్వాస్కాలియెంతేస్, అంటే వేడినీళ్ళు. అక్కడివాళ్ళు ఇద్రోకాలిదోలు. నీళ్ళు గ్రీకువి, వేడి లాటిన్‌ది. గ్వాతెమాలా వాళ్ళు గ్వాతెమాల్తెకోలు. అందులో ‘తెకో’ అయితే అసలు స్పెయిన్‌దే కాదు, మెక్సికో ఆదివాసుల నావాత్ల్ భాషది.

ఇక మనం. స్పానిష్‌లో మనకి ‘ఇందియో’ అనే మాట ఉంది. కానీ 1492లో కొలంబస్ తాను ఇండియా వైపు చేరాననుకున్న పుణ్యాన అది అమెరికా ఆదివాసులకి అంటుకుంది. అందుకని చాలామంది మనల్ని ‘ఇందూ’ అంటారు, మతంతో పనిలేకుండా. స్పానిష్ భాషా అకాడమీ నిఘంటువులోనూ ఆ అర్థం ఉంది. మా క్లాసులో గుంటూరు క్రైస్తవ అమ్మాయీ ఇందూయే, పాతబస్తీ ముస్లిం కుర్రాడూ ఇందూయే.

ఆ కుర్రాడు ఊరుకోలేదు. ‘నేను హైదరాబాదీ’ అన్నాడు. టీచర్ దిద్దబోయి ఆగిపోయారు. మొరాకో వాళ్ళని మర్రోకీ, ఇరాన్ వాళ్ళని ఇరానీ అంటుంది స్పానిష్ కూడా. ఆ ‘ఈ’ వాళ్ళకి అరబ్బీ నుంచి వచ్చింది, మనకి ఫారసీ నుంచి వచ్చింది. కాకపోతే వాళ్ళు ‘హ’ పలకరు కదా, క్లాసంతా వాణ్ణి ‘ఐదరాబాదీ’ అని పిలుస్తోంది.