సవరణ: ఒకే కాయిల్ రెండు రంగ్‌లలో ఉంటే

పీఎల్‌సీ (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే కంట్రోలర్) ప్రోగ్రామింగ్ భాషలు వాడేవాళ్లకు సులువుగా ఎలా ఉండాలో చెప్పిన ముందటి పోస్టులో, ల్యాడర్‌లో (నిచ్చెనలా గీసే పీఎల్‌సీ భాష) ఒకే అవుట్‌పుట్ కాయిల్‌ను (షరతు ఫలితాన్ని 1 లేదా 0గా రాసే గుర్తు) రెండు రంగ్‌లలో (నిచ్చెన మెట్లలాంటి వరుసలు) పెడితే ఏ ఒక్క షరతు కుదిరినా మోటారు ఆన్ అవుతుందని రాశాను. అది తప్పు, పొరపాటు నాదే.

మామూలు కాయిల్ విషయంలో చివరి రంగ్ మాటే చెల్లుతుంది. కంట్రోలర్ మాన్యువళ్లలో స్కాన్ (కంట్రోలర్ పదేపదే చేసే ఒక్కో చుట్టు) గురించి ఉండే వివరణ ప్రకారం, ముందు ఇన్‌పుట్‌లు చదవడం, తర్వాత రంగ్‌లను పైనుంచి కిందికి నడపడం, ఆఖరున అవుట్‌పుట్‌లను బయటికి పంపడం. 3వ రంగ్ కాయిల్‌ను 1 చేసినా, 9వ రంగ్ షరతు కుదరకపోతే 0 అయిపోతుంది, మోటారు కదలదు. మధ్యలోని 4 నుంచి 8 రంగ్‌లకు మాత్రం 1 గానే కనిపిస్తుంది. తప్పు పట్టుకోవడం కష్టమయ్యేది ఇందుకే.

రెండు షరతులనూ ఒకే రంగ్‌లో సమాంతర శాఖలుగా (ఏ ఒక్కటి కుదిరినా చాలు అన్నట్టు) పెట్టండి. లేదా ఒక్కోదానికి ఒక మెమరీ బిట్ (కంట్రోలర్ లోపల ఉండే 0/1 విలువ) ఇచ్చి, చివర్లో కలిపి ఒకే కాయిల్‌ను నడపండి. విలువను 1 చేసే సెట్, 0 చేసే రీసెట్ కాయిల్‌ల సంగతి వేరు: షరతు లేనప్పుడు అవి విలువను ముట్టుకోవు.

ఇలాంటి జంట కాయిల్ గురించి ప్రోగ్రాం రాసే ఎడిటర్ సాఫ్ట్‌వేర్ కంపైల్ దశలోనే హెచ్చరించాలన్న నా అభిప్రాయంలో మార్పు లేదు.