వీడియో కాల్‌లో కుక్క మోషన్ సంగతి కూడా అడగండి

హన్మకొండలో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నలకు కాలక్షేపంగా ఉంటుందని కుక్కపిల్లను కొనిచ్చి విమానం ఎక్కినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. మంచిదే. వడ్డేపల్లి చెరువు కట్ట మీద నాన్న వాకింగ్‌కు ఒక తోడు దొరికింది. నాకు నచ్చనిది ఆ తర్వాత మనం చేసేది. కుక్కకు కడుపు పాడైందనగానే ఇక్కడ కూర్చుని గోలీ పేరు చెప్పేస్తాం.

"మోషన్స్ అయితున్నయి బిడ్డా" అన్న ఒక్క మాట విని ఏ డాక్టరూ మందు రాయడు. రంగేమిటి, రక్తం పడుతోందా, వాంతులున్నాయా? ఇవేవీ మనం అడగం. అడిగే లోపే అమ్మ రెండు బకెట్ల నీళ్లు పోసి కడిగేసి ఉంటుంది. కడిగే ముందు ఒక ఫొటో తీయమనండి. మొదట్లో నవ్వుతారు, తర్వాత అలవాటవుతుంది.

తారులా నల్లగా, జిగటగా ఉంటే పొట్టలోనో చిన్నపేగులోనో రక్తం కారుతోందని అనుమానించాలి. ఎర్రటి రక్తం, జిగురు పడితే పెద్దపేగు వాచి ఉండొచ్చు. బూడిద రంగులో పాలిపోయి ఉంటే పైత్యరసం సరిగా దిగడం లేదేమో చూపించాలి. తోక కింద బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉంటే అవి బద్దెపురుగు ముక్కలు. బొచ్చులో గెంతే చిన్న పురుగులను కుక్క కొరికి మింగినప్పుడు ఈ బద్దెపురుగు కడుపులో చేరుతుంది. అందుకే కడుపులోని పురుగు పోయే మందు ఒక్కటే వేసి ఊరుకుంటే మళ్లీ వస్తుంది, ఒంటి మీది పురుగులూ పోవాలి.

టీకాలు పూర్తికాని కుక్కపిల్లకు వాంతులు, భరించలేని వాసనతో రక్త విరేచనాలు మొదలైతే అది పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు కావచ్చు, తెల్లారేదాకా ఆగొద్దు. ఆ టీకా 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 3, 4 వారాలకోసారి, కనీసం 16 వారాలు నిండేదాకా వేయించాలి. ఒక్క సూదితో సరిపెట్టిన ఇళ్లే ఎక్కువ కనిపిస్తాయి.

ఇక దసరా. మన దిక్కు దసరా అంటే యాట కూర, మిగిలిన పులుసూ బొక్కలూ కుక్కకే. ఆ పులుసులోని ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. కొవ్వు ఎక్కువైతే క్లోమం వాస్తుంది. ఉడికిన బొక్క చీలికలై పేగుకు గుచ్చుకోవచ్చు, లేదంటే మలం సుద్దముక్కలా గట్టిపడి కుక్క ముక్కుతూ నిలబడుతుంది. "ఊరకుక్కలు తింటలేవా?" అని నాన్న తప్పకుండా అంటాడు. తింటాయి. వాటిలో ఎన్ని చచ్చాయో లెక్కపెట్టినవాళ్లు లేరు.

మన తప్పూ ఉంది. ఆఫర్ వచ్చిందని నెలకో బ్రాండ్ డ్రై ఫుడ్ ఆర్డర్ పెడతాం. పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం రోజుల్లో మార్చాల్సినదాన్ని, సంచి విప్పిన పూటే గిన్నె నిండా పోస్తారు. ఆ రాత్రే లూజ్ మోషన్స్, మనకు ఫోన్, టెన్షన్. నీరసంగా ఉందంటే నొప్పి గోలీ వేయమంటాం. మనుషుల ఐబుప్రొఫెన్ కుక్క పొట్టలో పుండ్లు చేస్తుంది.

పెద్ద కుక్క హుషారుగా ఉండి, నీళ్లు తాగుతూ, ఒకసారి పలచగా పోతే మెత్తటి అన్నం, ఉప్పూకారం లేని ఉడికించిన చికెన్ పెట్టి ఒకరోజు చూడొచ్చు. కుక్కపిల్లలైతే ఆగకూడదు. నలుపు, రక్తం, వాంతులు, పాలిపోయిన చిగుళ్లు, వీటిలో ఏది కనిపించినా ఆ పూటే ఆస్పత్రికి. చిన్న డబ్బాలో తాజా మలం తీసుకెళ్తే మైక్రోస్కోపు కింద పురుగుల గుడ్లు చూస్తారు. మామునూరులో పశువైద్య కళాశాలే ఉన్న ఊరు మనది, డాక్టర్ల కరువు లేదు. 30 కిలోల లాబ్రడార్‌ను ఎత్తి ఆటోలో పెట్టే వయసు మాత్రం నాన్నది కాదు. కుక్కను ఎక్కించుకునే ఆటో డ్రైవర్‌తో ముందే మాట్లాడి, అతని నంబర్ గోడ మీద రాయించండి.