గేటు తెరిచే ఉంచాలి

2013 డిసెంబరులో దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో తుపాకులు మోగినప్పుడు, జనం పిల్లల్ని చంకనేసుకుని, చేతికందిన మూటతో ఐక్యరాజ్యసమితి శిబిరం వైపు పరుగులు తీశారు. నువేర్ తెగవాళ్లను వెతికి మరీ చంపుతున్న రోజులవి. శిబిరం గేటు తెరుచుకుంది. ఇంతమంది వస్తారని అక్కడున్నవాళ్లెవరూ అనుకోలేదు. అయినా బోర్‌లో, మలకాల్‌లో, బెంటియులో కూడా గేట్లు తెరిచారు. ఒక దశలో రెండు లక్షల మందికి పైగా ఆ కంచెల లోపలే ప్రాణాలు దక్కించుకున్నారు.

2011 జులైలో, దేశం పుట్టిన రోజుల్లోనే మొదలైన ఈ ఐరాస శాంతి పరిరక్షణ మిషన్ గడువు 2026 ఏప్రిల్ 30తో ముగుస్తోంది. దాన్ని పొడిగించాల్సిందేనని మేం గట్టిగా నమ్ముతున్నాం. అయితే కాగితం మీద గడువు పెంచి, క్షేత్రంలో మనుషుల్ని తగ్గిస్తే అది పొడిగింపు కాదు, గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చే తల్లిని మోసం చేయడం.

2018 నాటి శాంతి ఒప్పందం ఇప్పుడు పేరుకే మిగిలింది. ఆ ఒప్పందంలో సగభాగమైన ప్రతిపక్ష నేత, ఉపాధ్యక్షుడు రియెక్ మచార్‌ను 2025 మార్చిలో గృహనిర్బంధంలో పెట్టారు. సెప్టెంబరులో హత్య, దేశద్రోహం కేసులు మోపి ఉపాధ్యక్ష పదవి నుంచి పక్కనపెట్టారు. నాసిర్ పట్టణంలో చిక్కుకున్న సైనికుల్ని తరలించడానికి వెళ్లిన ఐరాస హెలికాప్టర్‌పైనే కాల్పులు జరిగి సిబ్బందిలో ఒకరు చనిపోయారు. పదేపదే వాయిదాపడిన ఎన్నికలు 2026 డిసెంబరులో జరపాలంటున్నారు. ఇలాంటి టెన్షన్ నడుమ కాపలా పలచబడితే ఏమవుతుందో ఆ జనం ఒకసారి చూశారు.

ఇంతకీ అక్కడ సైనికులు ఏం చేస్తుంటారు? బెంటియు సంగతే చూడండి. 2021 నుంచి వరద నీరు వెనక్కి పోక ఆ పట్టణం, పక్కనున్న శిబిరం చుట్టూ నీళ్లతో దీవిలా మిగిలాయి. జనాన్ని కాపాడుతున్నది మట్టి గట్లు. గండి పడకుండా రాత్రీ పగలూ వాటి మీద మట్టి పోసేది ఐరాస ఇంజినీరింగ్ దళాలు. అదే ఊరికి వచ్చే దారిలో 2018 నవంబరులో, రేషన్ కోసం కాలినడకన బయల్దేరిన ఆడవాళ్లపై తుప్పల చాటున కాపు కాసి అత్యాచారాలు చేశారు. పది రోజుల్లో 125 మందికి తాము చికిత్స చేశామని అక్కడి అంతర్జాతీయ వైద్య బృందం చెప్పింది. ఆ తర్వాత శాంతి దళం గస్తీ పెంచింది, దాక్కునే చోటు లేకుండా దారి పక్కన తుప్పలు కొట్టించింది. తుప్పలు కొట్టడం పెద్ద పనిగా కనిపించకపోవచ్చు. ఆ దారిన నడిచే ఆడమనిషికి మాత్రం అదే రక్షణ.

తప్పులు జరగలేదా? జరిగాయి, దాచాల్సిన పని లేదు. 2016 ఫిబ్రవరిలో మలకాల్ శిబిరంలోకే సాయుధులు చొరబడి జనాన్ని చంపారు. జులైలో జూబాలో పోరు రేగినప్పుడు, కూతవేటు దూరంలోని హోటల్ నుంచి సహాయ సిబ్బంది కాపాడమని మొరపెట్టుకున్నా దళాలు కదల్లేదు. విచారణ తర్వాత సేనాధిపతినే తొలగించారు. ఆదేశాలు తికమకగా ఉంటే, అడుగు బయటపెట్టాలంటే స్థానిక ప్రభుత్వ అనుమతి కోసం పడిగాపులు పడుతుంటే దళం ఎలా చేతులుడిగిపోతుందో అప్పుడు తెలిసింది. అందుకే గడువు పెంచే భద్రతా మండలి తీర్మానంలో ఈసారి రాకపోకల స్వేచ్ఛ గురించి మెత్తటి మాటలు పనికిరావు. గస్తీని, హెలికాప్టర్లను ఆపితే అది దళాల రాకపోకలపై ఐరాసతో ఆ ప్రభుత్వం చేసుకున్న ఒప్పందానికి ఉల్లంఘనేనని సూటిగా రాయాలి.

అసలు చిక్కు డబ్బు. శాంతి పరిరక్షణ ఖర్చులో నాలుగో వంతుకు పైగా భరించాల్సిన అమెరికా బకాయిలు పేరుకుపోయాయి. దాంతో తొమ్మిది మిషన్లలో దాదాపు నాలుగో వంతు సిబ్బందిని వెనక్కి పంపక తప్పదని ఐరాస 2025 అక్టోబరులో ప్రకటించింది. 2025 మే నాటి 2779 తీర్మానం దక్షిణ సూడాన్‌కు 17,000 మంది సైనికుల పరిమితిని అలాగే ఉంచింది. పరిమితి అంకె అలాగే ఉండి, సొమ్ము లేక శిబిరాలు మూతపడుతుంటే భద్రతా మండలి మాటకు విలువేముంది? వీటో అధికారమున్న దేశాలు తమ వాటా సమయానికి కట్టడం ధర్మకార్యం కాదు, బాధ్యత.

ఇది మనకు దూరపు గొడవ కాదు. రెండు వేలకు పైగా భారత సైనికులు అక్కడ పనిచేస్తూ వచ్చారు. 2013 డిసెంబరు 19న అకోబోలోని చిన్న స్థావరంపై దాదాపు రెండు వేల మంది సాయుధ యువకులు విరుచుకుపడ్డారు. లోపల తలదాచుకున్న డింకా తెగ పౌరులే వాళ్ల గురి. ఆ దాడిలో మన సైనికులు ఇద్దరు ప్రాణాలిచ్చారు. అదే ఏడాది ఏప్రిల్‌లో జొంగ్లేలో మరో ఐదుగురిని పోగొట్టుకున్నాం. ఇంత మూల్యం చెల్లించిన దేశానికి, దళాలను ఎక్కడ తగ్గించాలో, ఏ శిబిరం మూయాలో నిర్ణయించేటప్పుడు మాట ఉండాలి. ఢిల్లీ ఆ మాట అడిగి తీరాలి, బెంటియు, మలకాల్ శిబిరాలను మూయొద్దని పట్టుబట్టాలి.

మే నెలలో అక్కడ వానలు మొదలవుతాయి. రోడ్లు బురదలో దిగబడి, లారీలు కదలవు. బెంటియు గట్టుకు మట్టి చేరాల్సింది ఆలోపే.