ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో విజయనగరానికి అన్యాయం

కెనడా ప్రభుత్వం మీద నాకు కోపమేమీ లేదు. కానీ వలస వచ్చేవాళ్లకు వాళ్లు మార్కులు వేసే పద్ధతిలో మన జిల్లాకు ఘోరమైన అన్యాయం జరుగుతోంది. 2015 నుంచి నడుస్తున్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మొత్తం 1200 పాయింట్లు. వయసుకు ఇన్ని, చదువుకు ఇన్ని, ఇంగ్లిషుకు ఇన్ని. కాగితాలతో కుస్తీ పట్టిన అనుభవానికి మాత్రం సున్నా. అదొక్కటి లెక్కలోకి తీసుకుని ఉంటే, విజయనగరం కలెక్టరేట్ చుట్టూ జిరాక్స్ షాపుల దగ్గర నిలబడేవాళ్లలో సగం మంది ఈపాటికి టొరంటోలో మంచు ఎత్తిపోసుకుంటూ ఉండేవాళ్లు.

కొత్తగా దిగినవాడు అక్కడ చేయాల్సిందేమిటి? తానెవరో నిరూపించుకోవాలి. ఎక్కడుంటున్నాడో నిరూపించుకోవాలి. ఆ తర్వాతే జబ్బు పడాలి. మొదటి రెండూ మనకు వెన్నతో పెట్టిన విద్యే కదా!

పైడితల్లమ్మ దయ వల్ల మా ఊళ్లో వీధికి ముగ్గురు పైడిరాజులు, సింహాద్రి అప్పన్న దయ వల్ల నలుగురు అప్పలరాజులు. ఊరు వీళ్లలో ఒకరిని చూసి ఇంకొకరనుకున్నది ఎన్నడూ లేదు. బడ్డీకొట్టు పైడిరాజు వేరు, పంచర్ల పైడిరాజు వేరు. తికమకంతా కాగితాలకే. టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరం. ఆధార్‌లో అదే ఇంటిపేరు చివర్న. పాన్ కార్డులో పైడి ఒక ముక్క, రాజు ఒక ముక్క. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. అప్పుడు పైడిరాజు కోర్టు దగ్గర నోటరీ ముందు కూర్చుని, ‘పై నలుగురూ నేనే’ అని స్టాంపు కాగితం మీద ప్రమాణం చేస్తాడు. ఉన్నది ఒక్కడే, రూపాలే అనేకం అని తెలుసుకోవడానికి జనం ఉపనిషత్తులు తిరగేస్తారు. మావాడు నోటరీ ఫీజు కట్టి తెలుసుకున్నాడు.

వేలిముద్రల్లోనూ మనం తక్కువ తినలేదు. పక్కన శ్రీకాకుళం జిల్లాలో, పలాస వైపు, జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లను జీడి రసం తినేస్తుంది. రేషన్ మిషన్ మీద వేలు పెడితే పడదు. ‘తలకి రుద్ది పెట్టత్తా’ అంటాడు డీలరు. జుట్టులోని నూనె అంటించి మళ్లీ పెడుతుంది. పడదు. తడిగుడ్డ, చీరకొంగు, బొటనవేలు, చూపుడువేలు, ఈ చెయ్యి, ఆ చెయ్యి. వెనక క్యూలో గొణుగుడు. ‘ఏటి బాబూ, చిన్నప్పట్నుంచీ సూత్తన్నావు, నానెవుర్నో నీకు తెల్దా?’ అని ఆవిడ అడిగితే, ‘నాకు తెలుసత్తా, దానికే తెల్దు’ అంటాడతను. వీసా వేలిముద్రలకు మనిషికి 85 డాలర్లు వసూలు చేసే కెనడా వాళ్లు, ఈ నూనె విధానాన్ని అధ్యయనం చేయడానికి ఇంతవరకు ఒక్క అధికారినైనా పలాస పంపకపోవడం విచారకరం.

మా మేనల్లుడు పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, తెచ్చుకుని ఒంటారియో రాష్ట్రంలోని బ్రాంప్టన్‌లో దిగాడు. మా అక్క వాడి సూట్‌కేసులో ఆవకాయ కంటే ముందు సర్దింది ఫైలు. అందులో జిరాక్స్ సెట్లు, నీలం బ్యాక్‌గ్రౌండ్ ఫొటోలు కొన్ని, తెలుపువి కొన్ని, గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ సంతకాలు. తీరా చూస్తే ఒంటారియోలో హెల్త్ కార్డుకు కావాల్సినవి మూడే కాగితాలు. ఉండే హక్కుకొకటి, అడ్రసుకొకటి, గుర్తింపుకొకటి. మూడూ ఒరిజినల్సే ఉండాలి, జిరాక్స్ చెల్లదు. ఫొటో కూడా వాళ్లే తీసుకుంటారు. ఈ మాట ఫోన్లో విన్న మా అక్క గొంతు మారిపోయింది. ‘జిరాక్స్ అడగలేదా? అది నిజం ఆఫీసేనా నాన్నా? సరిగ్గా చూసుకున్నావా?’

అడ్రసు కాగితం దగ్గరే బండి ఆగింది. వాడుండేది ఒక బేస్‌మెంట్. ఓనరు మనవాడే, అందుకే అద్దె క్యాష్‌లో తీసుకుంటాడు, అగ్రిమెంట్ రాయడు. చివరికి బ్యాంకు స్టేట్‌మెంట్ వచ్చేదాకా, కెనడా రికార్డుల ప్రకారం, మా మేనల్లుడు దేశంలో ఉన్నాడు గానీ ఎక్కడా లేడు.

ఇక సిన్ నంబరు, అంటే అక్కడ ఉద్యోగం చేయాలంటే ఉండాల్సిన నంబరు. తొమ్మిదంకెలు, ఉచితం. తాత్కాలికంగా వచ్చినవాళ్లదైతే 9తో మొదలవుతుంది, కాబట్టి వాడు ఉండిపోయేవాడో పోయేవాడో ఉద్యోగమిచ్చేవాడికి మొదటి అంకెలోనే తెలిసిపోతుంది. 2014లోనే ప్లాస్టిక్ కార్డు మానేసి కాగితం మీద ఇస్తున్నారు. దాన్ని జేబులో పెట్టుకుని తిరగొద్దు, అడిగిన ప్రతివాడికీ చెప్పొద్దు అని మరీ మరీ హెచ్చరిస్తారు. ఆధార్ పన్నెండంకెలను లాడ్జిలో, సిమ్ కార్డు షాపులో, కొరియర్ ఆఫీసులో పప్పుబెల్లాల్లా పంచే జాతికి ఇది అర్థమయ్యే విషయం కాదు. మా బావ అయితే వెంటనే సలహా ఇచ్చాడు: ‘ఆ నంబరు మన ఫ్యామిలీ గ్రూపులో పెట్టెయ్ రా, సేఫ్‌గా ఉంటది.’

ఇప్పుడు జబ్బు సంగతి. ఒంటారియోలో కొత్తవాళ్లకు మూడు నెలల నిరీక్షణ ఉండేది, 2020లో తీసేశారు. బ్రిటిష్ కొలంబియా అనే ఇంకో రాష్ట్రంలో మాత్రం దిగిన నెలలో మిగిలిన రోజులు, ఆపైన ఇంకో రెండు నెలలు ఆగాలి. అంచేత అటు వెళ్లేవాళ్లు జ్వరం తెచ్చుకునే ముందు పంచాంగం చూసుకోవడం ఉత్తమం. విదేశీ విద్యార్థులకు ఒంటారియో కార్డే లేదు, విడిగా ఇన్సూరెన్స్ కట్టుకోవాల్సిందే. కార్డు వచ్చినవాళ్లు కూడా ఎగిరి గంతెయ్యనక్కర్లేదు. డాక్టరు చూస్తే డబ్బు లేదు, ఆసుపత్రిలో చేరితే డబ్బు లేదు. కానీ ఆ కార్డు మీద చాలామంది పెద్దవాళ్లకు మందులు రావు, కళ్లజోడు రాదు, పంటి వైద్యం రాదు. ఆ కార్డు దృష్టిలో మనిషి శరీరం చిగుళ్ల దగ్గర ఆగిపోతుంది కాబోలు. పైగా కార్డు చేతికొచ్చాక ఫ్యామిలీ డాక్టరును వెతుక్కోవడం వేరే ప్రహసనం. పేరు రాయించుకుని కూర్చోవాలి.

మనకి ఆ బాధ లేదు. కార్డు ఉన్నా లేకపోయినా సంచీ తగిలించుకుని టీవీఎస్ మీద వచ్చే ఆర్ఎంపీ ఉన్నాడు. ఏ పరీక్షా లేకుండా సూది పొడిచేస్తాడు, తర్వాత ఏమైనా అయితే విశాఖ కేజీహెచ్ ఉండనే ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ అన్నారు, తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ అన్నారు, మళ్లీ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, ఇప్పుడు మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. కిడ్నీ మాత్రం అదే ఉద్దానం కిడ్నీ. దానికి ఎన్నికల ఫలితాలు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇంత అనుభవం వృథా కాకూడదనే నా ప్రతిపాదన. 1919లోనే సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసును ప్రిన్సిపాల్‌ని చేసిన ఊరు మాది. అలాంటి ఊరికి కాగితాల కళాశాల ఒక లెక్కా? ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ ఇచ్చేవాళ్లు ఇంగ్లిషు నేర్పుతారు గానీ, అద్దె అగ్రిమెంట్ ఇవ్వని ఓనరును ఎలా బతిమాలాలో నేర్పరు. మా సిలబస్‌లో అది మొదటి పాఠం. ప్రాక్టికల్స్ రేషన్ షాపులో. కెనడా నుంచి అతిథి ఉపన్యాసకులు వస్తే వాళ్ల భోజన ఏర్పాట్లు మావే.

ప్రిన్సిపాల్ పదవికి కోర్టు దగ్గరి నోటరీ గారినే అనుకున్నాం. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. నియామక పత్రం మాత్రం ఆగింది. బోర్డు మీద ఆయన పేరుకీ, రబ్బరు స్టాంపు మీద పేరుకీ ఒక అక్షరం తేడా ఉంది. ఆ ఇద్దరూ తానేనని ఎవరి ముందు ప్రమాణం చేయాలో ఆయనకు తోచడం లేదట.