డబ్బా కెమెరా వెనకున్న ఎర్ర కిటికీ గారికి

గౌరవనీయులైన ఎర్ర కిటికీ గారూ,

ఫిల్ము ఎంత తిరిగిందో చెప్పే అంకె కనపడాలని తమరిని కెమెరా వీపున పెట్టారు, బాగానే ఉంది. నెగెటివ్‌లు చేతికొచ్చాయండి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పొద్దంతా స్తంభం నీడ కదలకుండా ఉంటుందని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. మా రోల్లో మాత్రం తమరి గుండ్రటి మచ్చే కదలకుండా కూర్చుంది, ప్రతి ఫ్రేములో, సరిగ్గా నడిమధ్యన.

తాతల కాలంలో తమరు మర్యాదస్థులే. అప్పటి ఫిల్ముకు ఎరుపు కనపడదు, డార్క్‌రూంలో ఎర్ర బల్బు పెట్టుకున్నదీ అందుకే, కాబట్టి తమరిలోంచి ఎంత వెలుగు దూరినా దానికి చీకటే. ఇప్పుడు దొరికే ప్యాంక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపూ కనపడుతుంది, అందులోనూ 400 ఐఎస్ఓ అంటే 100 దానికంటే వెలుగుకు నాలుగింతల చురుకు. ఫిల్ము వెనక నల్ల కాగితం ఉందిగా అంటారు. మే నెల నల్గొండ ఎండకు ఆ కాగితం ఏం ఆగుతుందండీ?

"అన్నిటికీ 400 వేసెయ్ అన్నా, ఎండకైనా నీడకైనా నడుస్తది" అన్న దుకాణం పెద్దమనిషికి కూడా ఓ దండం. షట్టరు, ఎపర్చరు ఏదీ పెద్దగా మార్చలేని ఈ డబ్బాకు ఎండలో 100 చాలు.

ఎరుపు చూడని ఫిల్ము ఇప్పటికీ ఉందిలే, ఇల్‌ఫర్డ్ ఆర్థో ప్లస్, ఎండలో 80 ఐఎస్ఓ, నీకు పట్టే 120 సైజు రోలే. కానీ అందులో అమ్మ బొట్టు నల్లగా పడుతుంది. నీ పరువు కోసం అమ్మకు నల్లబొట్టు పెట్టాలా? మచ్చ పెట్టేది నువ్వు, ఫిల్ము మార్చుకోవాల్సింది నేను! ఇంత చిన్న అద్దానికి ఇంత పొగరేంటి?

పూర్తిగా మూసేద్దామంటే అదీ కుదరదు. నీ అంకె చూడకుండా తిప్పితే ఎక్కడ ఆపాలో తెలియదు, గుడి మీద చెరువు, చెరువు మీద మేనకోడలు పడతారు. అందుకే కరెంటు పనికి వాడే నల్ల టేపు తెచ్చాను. ఫిల్ము తిప్పేటప్పుడు మాత్రం చెట్టు కింద నిలబడి, టవల్ చాటు చేసి, కాస్త ఎత్తుతా. అంకె చూపించి మూసుకో.