కరచాలనానికి టికెట్ లేదు

దేశభక్తిని కొలిచే సాధనం ఒకటి కావాలని చాలాకాలంగా తపిస్తున్నవారికి 2025 సెప్టెంబర్ 14, ఆదివారం రాత్రి దుబాయ్‌లో అది దొరికింది. ఆసియా కప్ మ్యాచ్. టాస్ దగ్గర మన కెప్టెన్ సూర్యకుమార్ యాదవ్, పాకిస్తాన్ కెప్టెన్ సల్మాన్ ఆగా చేతులు కలపలేదు. ఆ తర్వాత అంతా యథావిధిగా జరిగింది. వాళ్లు బ్యాటింగ్ చేశారు, మనం బౌలింగ్ చేశాం. తర్వాత మనం బ్యాటింగ్ చేశాం, వాళ్లు బౌలింగ్ చేశారు. మధ్యమధ్యలో ప్రకటనలు వచ్చాయి. ఏడు వికెట్ల తేడాతో గెలిచి, మనవాళ్లు అటువైపు తిరిగి చూడకుండా డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

గిట్టనివాళ్లు దీన్ని వెక్కిరించారు. మూడు గంటలకు పైగా కలిసి ఆడినవాళ్లకు మూడు సెకన్లు చేయి కలపడానికి ఏం అడ్డొచ్చిందని అడిగారు. వాళ్లకు పద్దులు చూడటం రాదు. మ్యాచ్‌లో దేనికి ఎంత వస్తుందో ఒకసారి రాసుకుని చూడండి. గేటు దగ్గర టికెట్‌కు డబ్బు. ఓవర్ల మధ్య ప్రకటనకు డబ్బు. బౌండరీ తాడు పక్కన బోర్డుకు డబ్బు. టాస్‌కూ, సిక్సర్‌కూ, రీప్లేకూ, ఆఖరికి అంపైర్ చొక్కాకూ ఎవరో ఒకరు సమర్పకులు ఉంటారు. మొత్తం ఆటలో పైసా రాలని ఘట్టం ఒకే ఒక్కటి, ఆట అయ్యాక చేతులు కలపడం. దేశం కోసం ఏదో ఒకటి వదులుకోవాలని మన క్రికెట్ బోర్డు గట్టిగా నిర్ణయించుకున్నప్పుడు దేన్ని వదులుకోవాలి మరి?

ఇందులో అవకాశవాదం ఏమీ లేదు, పద్ధతి ఉంది. కాగితం మీద కూడా ఉంది. ఆగస్టు 21న కేంద్ర క్రీడల శాఖ విధానం ప్రకటించింది. పాకిస్తాన్‌తో ద్వైపాక్షిక పోటీలు ఉండవు. మనం అక్కడికి వెళ్లం, వాళ్లను ఇక్కడికి రానివ్వం. పలు దేశాలు ఆడే టోర్నీ అయితే మాత్రం ఆడొచ్చు. ఆస్తి కోసం కోర్టుకెక్కిన అన్నదమ్ములను చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒకరి గడప ఒకరు తొక్కరు, మూడో ఇంటి పెళ్లిలో మాత్రం ఒకే బంతిలో కూర్చుని పప్పూ ఆవకాయా కలుపుకుంటారు. ఆ మూడో ఇల్లు దుబాయ్. నిజానికి ఆసియా కప్‌కు పేరుకు ఆతిథ్యం మనదే. అతిథిని మన ఇంటికి రానివ్వకూడదు కాబట్టి పందిరి వేరే ఊళ్లో వేశాం.

ఆ పందిట్లో ఇద్దరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టింది ఎవరు అని మాత్రం అడగకూడదు. పెద్ద టోర్నీ ఏది తీసుకున్నా భారత్, పాకిస్తాన్ ఒకే గ్రూపులో పడతాయి. ఎన్ని చీట్లు తీసినా అలాగే వస్తుంది. ఈసారి గ్రూపులో ఒకటి, సూపర్ ఫోర్‌లో ఒకటి, ఫైనల్‌లో ఒకటి, పదిహేను రోజుల్లో వరుసగా మూడు ఆదివారాలు మూడు మ్యాచ్‌లు. చివరి ద్వైపాక్షిక సిరీస్ 2013 జనవరిలో ముగిసింది. అప్పటి నుంచి మనం వాళ్లతో ఆడటం లేదు. ఆడనందువల్ల వారానికి ఒకసారి చొప్పున ఆడాల్సి వస్తోంది.

న్యాయ విద్యార్థులు కొందరు ఈ మ్యాచ్ ఆపించమని సుప్రీంకోర్టు గుమ్మం ఎక్కారు. అంత తొందరేముంది, ఆట జరగనివ్వండి అన్నట్టుగా కోర్టు పంపించేసింది. ఎవరి తలనొప్పి వాళ్లే చూసుకోవాలన్న ధర్మసూక్ష్మం అందులో ఉంది.

కోర్టు వద్దన్న పనిని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు భుజాన వేసుకుంది. ఆ ఆదివారం సాయంత్రం మ్యాచ్‌ను బహిష్కరించాలని తీర్మానం పెట్టారు. జెండా బొమ్మలూ, పిడికిళ్లూ వరుస కట్టాయి. చూసినవాడు దేశద్రోహి అని మూడో అంతస్తు ప్రకటించింది. ఎనిమిది గంటలకు ఆట మొదలైంది. హార్దిక్ పాండ్యా తొలి బంతి వైడ్ వేసి, మరుసటి బంతికే సయీమ్ అయూబ్‌ను పంపించేశాడు. ఎనిమిదీ ఒకటికి మూడో అంతస్తు నుంచి గ్రూపులోకి 'అవుట్' అని ఆరు ఆశ్చర్యార్థకాలతో సందేశం వచ్చింది. చూడకుండా ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు. అడగాలంటే మిగిలినవాళ్లు కూడా ఎవరూ చూసి ఉండకూడదు కదా. తర్వాత విచారణలో తేలిందేమిటంటే, ఆ ఇంట్లో టీవీ మ్యూట్‌లో పెట్టి చూశారట. శబ్దాన్ని బహిష్కరించారన్నమాట. దీన్ని నేను ఎగతాళి చేయడం లేదు. బోర్డు కరచాలనాన్ని వదిలిన చోట సామాన్యుడు కామెంటరీని వదిలాడు. ఎవరి స్తోమతు వారిది.

ఒక్క విషయం దగ్గర మాత్రం ఈ వ్యాసానికి పెట్టుకున్న గంభీర స్వరం నిలవడం లేదు. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. అక్కడ భర్తను పోగొట్టుకున్న ఒకావిడ ఆ మ్యాచ్‌కు ముందు కెమెరా ముందుకు వచ్చి, దయచేసి చూడకండి, టీవీలు పెట్టకండి అని దేశాన్ని కోరింది. ఆమె చేయి కలపొద్దని అడగలేదు. ఆడొద్దని అడిగింది. మనం ఆమెకు విజయాన్ని అంకితం ఇచ్చాం. కెప్టెన్ మైక్ ముందు ఆ కుటుంబాల పేరెత్తినప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడని నేను నమ్ముతున్నాను, తర్వాత తన మ్యాచ్ ఫీజులు సైన్యానికి ఇచ్చాడు కూడా. కానీ అడిగింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి.

మళ్లీ పద్దుల్లోకి వెళ్దాం. ఆదాయాన్ని బట్టి ద్రోహం తగ్గుతూ వస్తుందన్నది నా పరిశోధనలో తేలిన సూత్రం. జావెలిన్ చూడండి. బెంగళూరులో పెట్టిన పోటీకి నీరజ్ చోప్రా పాకిస్తాన్ ఆటగాడు అర్షద్ నదీమ్‌ను పిలిచాడు. పిలిచింది పహల్గాం దాడికి ముందు. అయినా దేశానికి ఒలింపిక్ స్వర్ణం తెచ్చినవాడిని, వాళ్లమ్మతో సహా, సోషల్ మీడియాలో నోటికొచ్చినట్టు తిట్టారు. నదీమ్ రాలేదు. జావెలిన్‌కు ఓవర్లు లేవు, ఓవర్ల మధ్య ప్రకటనలు లేవు, కాబట్టి ఆ ఆహ్వానం ద్రోహం. క్రికెట్‌కు ఉన్నాయి, కాబట్టి అది అంతర్జాతీయ బాధ్యత. 2036 ఒలింపిక్స్ కూడా మనకు కావాలి కదా, టోర్నీ మానేస్తే ప్రపంచం ఏమనుకుంటుంది అని వివరించారు. ఈ బాధ్యత రిటైరైన ఆటగాళ్లకు అంటలేదు పాపం. జూలైలో ఇంగ్లండ్‌లో జరిగిన లెజెండ్స్ టోర్నీలో మన మాజీలు పాకిస్తాన్‌తో లీగ్ మ్యాచ్ ఆడలేదు, సెమీఫైనల్ కూడా ఆడకుండా వెనక్కి వచ్చేశారు. ఫైనల్ ఛాన్స్ పోయింది. ఇంత అనుభవం ఉండి, చేయి కలపకుండా ఆడే మార్గం వాళ్లకు తట్టకపోవడం విచిత్రం.

అవతలి వైపు కూడా లెక్కల మాస్టార్లే ఉన్నారు. చేయి కలపలేదని అలిగి, మ్యాచ్ రెఫరీ ఆండీ పైక్రాఫ్ట్‌ను తీసేయాలని పట్టుబట్టారు. టోర్నీ మానేస్తామన్నట్టు కనిపించారు. చివరికి యూఏఈతో మ్యాచ్ ఒక గంట ఆలస్యంగా మొదలైంది. టోర్నీ మానేస్తే వాటా పోతుంది, గంట ఆలస్యమైతే పరువు దక్కుతుంది. రెండు దేశాలకూ డెబ్బై ఎనిమిదేళ్లుగా ఏ విషయంలోనూ కుదరని ఏకాభిప్రాయం ఇక్కడ కుదిరింది.

చేతులు కలపకపోవడానికి బదులు కప్పునే వదులుకున్న మూర్ఖులు ఈ దేశంలో ఒకప్పుడు ఉండేవారు. 1974లో డేవిస్ కప్ టెన్నిస్‌లో అమృత్‌రాజ్ సోదరుల జట్టు సోవియట్ యూనియన్‌ను ఓడించి ఫైనల్‌కు చేరింది. ఫైనల్‌లో ఎదురుపడింది దక్షిణాఫ్రికా. నల్లవాళ్లను మనుషులుగా చూడని ఆ ప్రభుత్వపు జట్టుతో ఆడేది లేదని భారత్ తప్పుకుంది. ఆడకుండానే కప్పు వాళ్ల చేతికి వెళ్లింది. అంతకుముందు 1966లో, ఆ తర్వాత 1987లో కూడా ఫైనల్ దాకా వెళ్లాం గానీ, డేవిస్ కప్పు ఇప్పటికీ మనకు రాలేదు. చూశారా, సలహాదారులు లేకపోతే ఎంత నష్టమో! ఇప్పటి మేధావులు అప్పుడుండి ఉంటే, నాలుగు సింగిల్స్, ఒక డబుల్స్ హాయిగా ఆడేసి, నెట్ దగ్గర చేయి ఇవ్వకుండా వచ్చేయమని చెప్పేవారు. వర్ణవివక్షకు అదే తగిన బుద్ధి అయ్యేది, కప్పు కూడా వచ్చేదేమో.

ఇంకో రకం అమాయకులు కూడా ఉన్నారు. 1999 జూన్ 8న కార్గిల్ కొండల మీద యుద్ధం జరుగుతుండగానే మాంచెస్టర్‌లో ప్రపంచకప్ మ్యాచ్ ఆడేశారు. మన కెప్టెన్ హైదరాబాదీ, అజారుద్దీన్. వెంకటేశ్ ప్రసాద్ అయిదు వికెట్లు తీశాడు, 47 పరుగులతో గెలిచాం. ఆడారు, గెలిచారు, అంతే. అదే అజారుద్దీన్ 2025 అక్టోబర్ 31న తెలంగాణలో మంత్రిగా ప్రమాణం చేశారు. క్రీడల్లోకి రాజకీయాలు రాకూడదన్నవారికి ఇందులో అభ్యంతరం ఏమీ కనిపించలేదు. రాజకీయాల్లోకి క్రీడలు రాకూడదని ఎవరూ అనలేదు కదా.

సెప్టెంబర్ 28 ఫైనల్ సంగతి మన రెండు రాష్ట్రాల వాళ్లకు చెప్పక్కర్లేదు. 20 పరుగులకు మూడు వికెట్లు పడ్డాక తిలక్ వర్మ నిలబడి 69 నాటౌట్‌గా గెలిపించాడు. హైదరాబాద్ రోడ్ల మీద ఆ రాత్రి దీపావళి ముందే వచ్చింది. తర్వాత దుబాయ్‌లో కప్పు ఇచ్చే ఘట్టం. ఆసియా క్రికెట్ మండలి అధ్యక్షుడి హోదాలో వేదిక ఎక్కినాయన మొహ్సిన్ నఖ్వీ, పాకిస్తాన్ క్రికెట్ బోర్డుకూ ఆయనే అధ్యక్షుడు, ఆ దేశానికి ఆయనే హోంమంత్రి. ఆయన చేతుల మీదుగా తీసుకునేది లేదని మనవాళ్లు భీష్మించారు. గంటకు పైగా ఎదురుచూపులు. చివరికి ఆయన కప్పు మోయించుకుని వెళ్లిపోయాడు. మనవాళ్లు గాలినే కప్పులా ఎత్తి ఫొటోలు దిగారు. క్రీడామైదానంలోనూ ఆపరేషన్ సిందూరే, ఫలితం ఒకటే అని ప్రధానమంత్రి సోషల్ మీడియాలో అభినందించారు.

హోంమంత్రే క్రికెట్‌ను ఏలడం ఎంత అనాగరికం! ప్రజాస్వామ్య దేశాల్లో అలా ఉండదు. మన దగ్గర హోంమంత్రి వేరు, ప్రపంచ క్రికెట్‌ను ఏలే ఐసీసీ అధ్యక్షుడు వేరు. ఒకరు తండ్రి, ఒకరు కొడుకు. అధికారాల విభజన అంటే ఇదే.

రాజకీయ నాయకుడి చేతి నుంచి కప్పు తీసుకోకూడదన్న నియమం రెండో వైపుకు వర్తించదని కూడా ఆ వారంలోనే స్పష్టమైంది. తిలక్ హైదరాబాద్ వచ్చి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డికి బ్యాట్ బహూకరించాడు. సంతకం పెట్టిన టోపీ ఒకటి ఆంధ్రా మంత్రి నారా లోకేశ్ పేరు మీద దుబాయ్ నుంచే ఖరారైంది. బ్యాట్ తెలంగాణకు, టోపీ ఆంధ్రకు! విభజన చట్టం పదకొండేళ్లలో తేల్చలేని పంపకాన్ని ఇరవై రెండేళ్ల కుర్రాడు వారంలో తేల్చాడు. గ్లవ్స్ విషయంలో రాయలసీమకు అన్యాయం జరిగిందని ఎవరూ లేవకపోవడం మన అదృష్టం.

నా సూత్రానికి మరో రుజువు నవంబర్‌లో శ్రీలంకలో దొరికింది. అంధ మహిళల టీ20 ప్రపంచకప్‌లో భారత్, పాకిస్తాన్ ఆడాయి. మన కెప్టెన్ దీపిక, శ్రీ సత్యసాయి జిల్లా అమ్మాయి. మనవాళ్లే గెలిచారు, ఆట అయ్యాక రెండు జట్లూ చేతులు కలిపాయి. ఆ తర్వాత కప్పు కూడా మనకే వచ్చింది. దీని మీద ఏ చానెల్లోనూ చర్చ జరగలేదు, మా మూడో అంతస్తు నుంచి సందేశం రాలేదు, ఎవరి మనోభావమూ గాయపడలేదు. గాయపడాలంటే ముందు ఎవరైనా చూడాలి. అంతకుముందు నెల జోహర్ కప్‌లో మన హాకీ కుర్రాళ్లు పాకిస్తాన్ కుర్రాళ్లతో చేతులు చరుచుకున్నప్పుడూ ఇంతే. నాలుగు రోజులు వార్త, అయిదో రోజు లేదు.

కాబట్టి బోర్డుకు నా వినతి. ఈ గొడవకు మూలం కరచాలనానికి ధర లేకపోవడం. వచ్చే టోర్నీ లోపు దాని హక్కులు వేలం వేయండి. మంచి రేటు పలికితే చేయి కలపడం అంతర్జాతీయ బాధ్యతల్లో చేరిపోతుంది, ఆ మేరకు విధాన పత్రంలో ఒక పేరా జోడిస్తే చాలు. చేతులు కడిగే శానిటైజర్ కంపెనీకి ఇస్తే మరీ మంచిది. కలిపిన మరుక్షణమే ఇద్దరు కెప్టెన్లూ కెమెరా వైపు తిరిగి శుభ్రంగా కడుక్కోవచ్చు. రీప్లేలో కలపడం ఒకసారి, కడగడం మూడుసార్లు చూపించాలి. ఎన్నికలు దగ్గర్లో ఉన్న రాష్ట్రాల్లో మాత్రం కడగడం ఒక్కటే ప్రసారం చేయాలని టెండరులోనే షరతు పెట్టండి.