శాలిహుండం ఇక్కడే ఉంది, ఇంటర్న్‌షిప్ మాత్రం ఆన్‌లైన్‌లో

2020-21లో డిగ్రీలో చేరిన బ్యాచ్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. అందులో ఒక్కో వేసవి విడత రెండు నెలలు. శ్రీకాకుళం వైపు హిస్టరీ చదివే పిల్లల్ని ఎక్కడ చేశారని అడిగితే, నాకు ఎక్కువగా వినబడిన జవాబు ఒకటే: ‘ఆన్‌లైన్లో చేసేశాం సార్, సర్టిఫికెట్ వచ్చేసింది.’

శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూనే ముఖలింగం గుడి శాసనాల లిపి సొంతంగా నేర్చుకున్నారు. 1919లో శాలిహుండం బౌద్ధ శిథిలాలను వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. విజయనగరం సంస్థానంలో గురజాడ కూడా శాసనాల పని చేశారు. వాళ్లకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు లెండి! రాతి మీది భాషతో కుస్తీపట్టిన ఈ ఇద్దరే జనం నోటి భాష కోసం నిలబడ్డారు. అది కాకతాళీయమని నేననుకోను.

అందుకే నా దృష్టిలో హిస్టరీ ఇంటర్న్ మొదట నేర్వాల్సింది వినడం. పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి ఏకే ఆడవాళ్లున్నారు. ఒకామె ‘సేప దవడతోని ఏకుతామమ్మా’ అంటుందనుకోండి. మన రిపోర్టులోకి ఎక్కేసరికి అది ‘మత్స్య దంతముచే శుభ్రపరచబడును’ అయిపోతుంది. ఆమె మాట పోయింది. దవడ కాస్తా దంతమై వాస్తవమూ పోయింది. గిడుగు పుట్టిన జిల్లాలో ఇంతకంటే వెటకారం ఏముంటుంది?

శాసనాల సంగతి వేరు. శ్రీకూర్మం గుడి స్తంభాల మీది పాత లిపి రెండు నెలల్లో చదివేయడం ఎవరి తరమూ కాదు, చదివినట్టు నటించనూ వద్దు. ఏ స్తంభం ఎక్కడుంది, ఏ వైపు అక్షరాలున్నాయి, ఎక్కడ అరిగాయి అని ఫొటోలతో నమోదు చేస్తే చాలు. తర్వాత చదవగలిగినవాళ్లకు అదే ఆధారం. రథసప్తమికి విద్యార్థుల్ని అరసవల్లి క్యూలైన్లో సేవకు నిలబెట్టి ఆ గంటల్ని ‘వారసత్వ శిక్షణ’ కింద రాయడం మాత్రం అన్యాయం. అది సేవ, మంచిదే, కానీ చరిత్ర పని కాదు.

బస్సు ఛార్జీ ఎవరిస్తారన్నది అసలు చిక్కు. కూలికెళ్లే ఇంటి పిల్లను రెండు నెలలు సొంత ఖర్చుతో తిరగమంటే ఆన్‌లైన్ సర్టిఫికెట్టే నయమనుకుంటుంది. ఆ పిల్లను తప్పుపట్టలేం.

2020లో విజయనగరంలో పాతకాలపు మూడు లాంతర్ల స్తంభం కూల్చినప్పుడు ఎంత రభస జరిగిందో తెలిసిందే. అలాంటి కట్టడాలు నిలబడి ఉండగానే కొలతలు తీయడం, పక్క దుకాణాల పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయడం డిగ్రీ విద్యార్థికి అందే పనే. ఆ కాపీ కాలేజీ బీరువాలో మగ్గకుండా ఊరి గ్రంథాలయానికి చేరాలి. పొందూరు రిపోర్టయితే అట్ట మీద విద్యార్థి పేరు పక్కనే, ఒప్పుకుంటే, ఆ పత్తి ఏకిన ఆమె పేరూ ఉండాలి. ‘స్థానిక మహిళ’ అని రాసి సరిపెట్టకూడదు.